పెన్‌డ్రైవ్‌కు నకలు తీయడమంటే ఏ నకలు?

పాలకొల్లులో శుభలేఖలు, ఫ్లెక్సీలు వేసే చిన్న డీటీపీ దుకాణం మా బావగారిది. మాఘమాసపు ముహూర్తాలు దగ్గర పడుతున్న ఒక సాయంత్రం ఆయన రెండు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఒకటి పాతది. మూత ఎప్పుడో పోయింది, పక్కన పసుపు మరక. రెండోది ఆ రోజే కొన్నది. దుకాణంలో పాత కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా ఆ పాత పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే అందులోంచే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ లేచేది, హార్డ్ డిస్కును సరిచూసుకునే వీలుండేది. అది ఎప్పుడు పాడవుతుందోనన్న భయంతో అందులోని ఫైళ్లన్నీ కొత్తదానిలోకి కాపీ చేశారు. ఫైళ్ల సంఖ్య సరిపోయింది, పరిమాణం సరిపోయింది. కొత్తది పెట్టి ఆన్ చేస్తే మాత్రం నల్ల తెర మీద ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది.

“అన్నీ వచ్చాయి కదా బావగారూ, మరి ఇదెందుకు లేవదు?” అన్నారు. మేమిద్దరం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం.

ఆ కంప్యూటర్ మార్చేయవచ్చు కదా అని అడిగేవారు డీటీపీ దుకాణం లోపల కూర్చుని ఉండరు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ చివరి పెద్ద విడుదల 2001 నాటిది. దాని మీద ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో కూర్చిన వందల శుభలేఖల నమూనాలు ఆ యంత్రంలోనే ఉన్నాయి. కొత్త దాంట్లో అవి తెరిస్తే వధువు పేరు ఏ రూపంలో కనిపిస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఆయన ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ‘నకలు’ అన్న మాటనే విడదీయాలి. ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు పనులు దాగి ఉన్నాయి.

## అడంగల్ వేరు, భూమి వేరు

పెన్‌డ్రైవ్‌ను ఒక గ్రామం అనుకోండి. దాని విస్తీర్ణమంతా సమానమైన చిన్న చెక్కలుగా కోసి, సున్నా నుంచి చివరి దాకా వరుసగా నంబర్లు వేసి ఉంటుంది. ఒక్కో చెక్కను సెక్టరు అంటారు. మామూలుగా దాని వైశాల్యం 512 బైట్లు. అది ఎంత చిన్నదో చూద్దాం. ‘గోదావరి’ అన్న మాట యూనికోడ్‌లో గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి అని ఏడు సంకేతాలు. ప్రచారంలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి మొత్తం 21. ఒక సెక్టరులో ఖాళీ విడవకుండా ‘గోదావరి’ అని 24 సార్లు రాయవచ్చు, ఇంకా ఎనిమిది బైట్లు మిగులుతాయి.

అన్నిటికన్నా ముందున్న సున్నా నంబరు సెక్టరు గ్రామ సరిహద్దు పటం లాంటిది. పాత పద్ధతి పెన్‌డ్రైవ్‌లలో దాని మొదటి 446 బైట్లలో కంప్యూటర్‌ను లేపే చిన్న ప్రోగ్రాము ఉంటుంది. తరవాతి 64 బైట్లు విభాగాల పట్టిక, అంటే ఏ పార్టిషన్ ఎక్కడ మొదలై ఎంత దూరం ఉందన్న వివరం. చివరి రెండు బైట్లు ముద్ర. ఆపైన పార్టిషన్ లోపల ఫైల్ సిస్టమ్ మొదలవుతుంది. అదే అడంగల్, అంటే ఏ భూమి ఎవరిదో రాసి ఉంచే గ్రామ లెక్క. ఏ ఫైలు పేరేమిటి, అది ఏ సర్వే నంబర్లలో పరుచుకుని ఉంది అన్నదంతా అందులో ఉంటుంది. మన పెన్‌డ్రైవ్‌లలో ఎక్కువ భాగం వాడేది ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్ అనే అడంగల్ పద్ధతి.

ఫైలును తొలగించినప్పుడు జరిగేది కూడా రెవెన్యూ వ్యవహారమే. ఫ్యాట్32లో ఆ ఫైలు పేరు మొదటి బైటు మీద ‘ఈ5’ అనే గుర్తు పడుతుంది, దానికి కేటాయించిన సర్వే నంబర్లు ఎవరి పేరా లేని పోరంబోకు అయిపోతాయి. పొలంలో పైరు మాత్రం అలాగే ఉంటుంది. మరొకరు వచ్చి అక్కడే దున్ని నాటే వరకు పాత ఫొటో, పాత ఉత్తరం చెక్కుచెదరవు.

బావగారు చేసినది ఫైళ్ల నకలు. కాపీ, పేస్ట్ చేసినప్పుడు కంప్యూటర్ అడంగల్ చదివి, అందులో పేరున్న ప్రతి ఫైలునూ తీసుకెళ్లి కొత్త గ్రామంలో దాని అడంగల్ ప్రకారం దింపుతుంది. సున్నా నంబరు సెక్టరు ఏ ఫైలుకూ చెందదు. అడంగల్‌లో పేరు లేనిదాన్ని ఎవరు మోసుకొస్తారు? లేపే ప్రోగ్రాము పాతదానిలోనే ఉండిపోయింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ పదేళ్లలో వచ్చిన కంప్యూటర్లు చాలావరకు యూఈఎఫ్‌ఐ అనే పద్ధతిలో లేస్తాయి. అవి ఆ 446 బైట్ల జోలికి పోకుండా ఫ్యాట్ పార్టిషన్‌లో ఫలానా ఫోల్డరులో ఫలానా ఫైలు ఉందా అని చూస్తాయి. అలాంటి వాటిలో ఉత్త ఫైళ్ల కాపీ చాలాసార్లు సరిపోతుంది. అందుకే బావగారి కొత్త పెన్‌డ్రైవే మా ఇంట్లో లాప్‌టాప్‌కు పెడితే చక్కగా లేచింది! ఒకరికి పనిచేసిన పద్ధతి మరొకరికి ఎందుకు పనిచేయలేదన్న వాదులాటల్లో సగానికి మూలం ఇదే.

## ఏమీ అర్థం చేసుకోకుండా రాసుకుపోయే డీడీ

అడంగల్‌తో పనిలేకుండా భూమినంతా దింపేది రెండో రకం నకలు. అది తీసే పనిముట్లలో పేరున్నది డీడీ అనే ఆదేశం. ఇది లినక్స్‌కు పూర్వీకుడైన యూనిక్స్‌లో 1970ల తొలి భాగం నుంచీ ఉంది. మిగతా ఆదేశాలతో పోలిస్తే దీని భాష వింతగా ఉంటుంది. ‘ఐఎఫ్’ అని రాసి సమానం గుర్తు పెట్టి ఎక్కడి నుంచి చదవాలో, ‘ఓఎఫ్’ అని రాసి సమానం గుర్తు పెట్టి ఎక్కడ రాయాలో చెప్పాలి. ఈ యాసంతా ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లలో, అంటే సంస్థలు వాడే భారీ కంప్యూటర్లలో, పనులు అప్పగించే జేసీఎల్ భాష నుంచి వచ్చింది.

డీడీకి ఫైలు అంటే ఏమిటో తెలియదు. అడంగల్ చదవదు. సున్నా నంబరు సెక్టరు దగ్గర మొదలుపెట్టి, గట్టూ గుంటా పోరంబోకూ అని చూడకుండా, చివరి సెంటు దాకా ఉన్నది ఉన్నట్టు రాసుకుపోతుంది. ఆ రాతంతా ఒకే పెద్ద ఫైలుగా వస్తుంది. దాన్ని డిస్క్ ఇమేజ్ అంటారు. దాని బలమూ బలహీనతా రెండూ ఆ తెలియనితనంలోనే ఉన్నాయి.

బావగారి పాత పెన్‌డ్రైవ్ మీద 16 జీబీ అని ఉంది. లినక్స్ చూపించిన అసలు పరిమాణం 15,376,000,000 బైట్లు, అంటే 30,031,250 సెక్టర్లు. విండోస్‌లో అదే 14.3 జీబీ అని కనిపిస్తుంది. తయారీదారు వెయ్యితో లెక్క కడతాడు, విండోస్ 1,024తో లెక్క కడుతుంది. ఎవరూ మోసం చేయలేదు, కొలబద్దలు వేరు.

డీడీకి ఏమీ చెప్పకపోతే ఒకసారికి 512 బైట్లే చదివి రాస్తుంది. అంటే మూడు కోట్లకు పైగా దఫాలు. చేట కంకర కోసం లారీని మూడు కోట్ల సార్లు తిప్పినట్టు. ఒక్కో దఫా ఎంతో చెప్పే ‘బీఎస్’ దగ్గర 4 మెగాబైట్లు అని చెబితే దఫాలు 3,666కు తగ్గుతాయి. పని అయ్యాక అది ‘3665+1 రికార్డులు లోపలికి, 3665+1 రికార్డులు బయటికి’ అని ఇంగ్లీషులో ముక్తసరిగా చెబుతుంది. ఆ ‘+1’ చూసి కంగారు పడేవారు చాలామంది. నిండా 4 మెగాబైట్లున్న దఫాలు 3,665, చివరన మిగిలిన 3,875,840 బైట్లతో నిండని దఫా ఒకటి అని దాని అర్థం. తప్పేమీ లేదు. సెకనుకు 20 మెగాబైట్లు చదివే యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్‌కు ఇదంతా 13 నిమిషాల పని.

ఇందులోనే ఇంకో చిన్న తేడా ఉంది. లినక్స్‌లో పెన్‌డ్రైవ్ మొత్తానికి ‘ఎస్‌డీబీ’ అని పేరు వస్తే, అందులోని మొదటి పార్టిషన్‌కు ‘ఎస్‌డీబీ1’ అని వస్తుంది. ఆ ‘1’ తోకతో నకలు తీస్తే సున్నా నంబరు సెక్టరు మళ్లీ తప్పిపోతుంది. పదమూడు నిమిషాలు కూర్చున్నా బావగారి సమస్య మొదటికే వస్తుంది.

## రెండు నకళ్ల మీద రెండు పక్షాలు

పెన్‌డ్రైవ్‌కు ఇమేజ్ తీయడం దండగ అనేవారి వాదనలో పస ఉంది. లోపల 200 మెగాబైట్ల ఉత్తరాలే ఉన్నా ఇమేజ్ 15 జీబీలకు పైనే అవుతుంది. కుదించి దాచవచ్చు కదా అంటే, కుదింపు సున్నాల మీద అద్భుతంగా పనిచేస్తుంది గానీ పోరంబోకులో పాత పెళ్లి వీడియోల అవశేషాలుంటే అంగుళం కూడా తగ్గదు. దాచే చోటు ఫ్యాట్32 అయితే అసలు పట్టదు, ఎందుకంటే అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. రేపు ఒక్క ఫైలు కావాలంటే ఇమేజ్‌ను తెరవడం తెలిసుండాలి. ఫైళ్ల నకలు తీసే ఆర్‌సింక్ లాంటి సాధనమైతే నిన్నటికీ ఇవాళ్టికీ మారినవే పట్టుకెళ్తుంది. రోజూ మారే లెక్కల పుస్తకాలకు, విద్యార్థుల రికార్డులకు అదే సుఖం. నా ఓటూ అటే.

అటు పక్షం మాట కూడా వినాలి. లేచే పెన్‌డ్రైవ్‌కు, కంప్యూటర్ చదవలేని ఫైల్ సిస్టమ్ ఉన్నదానికి, పొరపాటున ఫైళ్లు తొలగించినదానికి ఫైళ్ల నకలు పనికిరాదు. తొలగించిన ఫొటోలు తిరిగి రావాలంటే పోరంబోకు భూమితో సహా నకలు కావాలి. సాక్ష్యం విషయంలోనూ అంతే. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో ఇచ్చే ధ్రువపత్రం నమూనాలో హ్యాష్ విలువ రాయడానికి చోటుంది. హ్యాష్ అంటే మొత్తం బైట్లను ఒక గణిత సూత్రంలో వేసి తీసే వేలిముద్ర. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాంకాలు. ఒక్క బిట్టు మారినా ముద్ర మొత్తం మారిపోతుంది.

అందుకే ఇమేజ్ సరిగ్గా వచ్చిందో లేదో చూడడానికి పెన్‌డ్రైవ్‌కూ ఇమేజ్‌కూ విడివిడిగా ముద్ర తీసి పోల్చుతారు. రెండు ముద్రల మధ్యలో ఆ పెన్‌డ్రైవ్‌ను ఒక్కసారి విండోస్‌కు పెట్టినా చాలు, అది తన సొంత ఫోల్డరు ఒకటి లోపల రాసేసి ముద్రను మార్చేయవచ్చు. నకలు తీసేటప్పుడు పెన్‌డ్రైవ్ మౌంట్ అయి, అంటే ఫైళ్లు చదవడానికీ రాయడానికీ తెరిచి, ఉండకూడదనే జాగ్రత్తకూ ఇదే కారణం. సగం కొలిచాక గట్టు జరిపితే ఆ పటం ఏ రోజుదీ కాదు.

ఇంకో సంగతి. మీ పెన్‌డ్రైవ్ ఇమేజ్‌ను ఎవరికైనా ఇస్తున్నారంటే, నిరుడు అందులో పెట్టి తీసేసిన ఆధార్ స్కాన్‌ను కూడా ఇస్తున్నట్టే.

## అసలు డీడీ ఎందుకు, క్యాట్ చాలదా?

లినక్స్‌వాళ్ల మధ్య ఇది పాత తగువు. అక్కడ పెన్‌డ్రైవ్ కూడా ఒక ఫైలులాగే కనిపిస్తుంది కాబట్టి, మామూలుగా ఫైళ్లు కాపీ చేసే ‘సీపీ’, ఫైలును కుమ్మరించే ‘క్యాట్’ కూడా ఇదే పని చేయగలవు. లినక్స్‌లో ఒక రకమైన డెబియన్ తన ఇన్‌స్టలేషన్ ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌కు ఎక్కించడానికి సీపీనే చూపిస్తుంది. బైటుకు బైటు ఫలితం ఒక్కటే. డీడీకి ప్రత్యేకంగా మిగిలేది, ఇన్ని బైట్లు వదిలి మొదలుపెట్టు, ఇన్ని సెక్టర్లే తీసుకో అని చెప్పగలగడం. సున్నా నంబరు సెక్టరు ఒక్కటే కావాలంటే డీడీయే సులువు. మిగతాదంతా అలవాటు.

## ఒరిగిన చేను ముందు కోయరు

పెన్‌డ్రైవ్ ఆరోగ్యంగా ఉన్నంతవరకే ఇదంతా. చదవలేని సెక్టరు ఎదురైతే డీడీ అక్కడే ఆగిపోతుంది. ఆగకుండా పోవడానికి ‘నోఎర్రర్’, ‘సింక్’ అని రెండు మాటలు కలిపి వాడతారు. మొదటిది ‘తప్పు వచ్చినా సాగిపో’ అంటుంది, రెండోది ‘పోయినచోట సున్నాలు నింపు’ అంటుంది. మొదటిది ఒక్కటే వాడితే పోయిన సెక్టరు చోటు మూసుకుపోయి, ఆ తరవాతి సర్వే నంబర్లన్నీ ముందుకు జరుగుతాయి. అడంగల్ ఒకటి చెబుతుంది, భూమి మీద మరొకటి ఉంటుంది. రెండూ వాడినా ఒక చిక్కు. వేగం కోసం 4 మెగాబైట్ల దఫా పెట్టుకున్నాం కదా, 512 బైట్ల చెడ్డ సెక్టరు ఒక్కటి తగిలితే దాని చుట్టూ ఉన్న మంచి డేటాలో చాలా భాగం కూడా సున్నాల పాలయ్యే ప్రమాదం ఉంది. చిన్న దఫా పెడితే ఆ నష్టం తగ్గుతుంది గానీ, చచ్చే పెన్‌డ్రైవ్‌ను గంటల తరబడి సతాయించాల్సి వస్తుంది. చెడ్డ సెక్టరు దగ్గర ఒక్కో ప్రయత్నానికీ అది సెకన్ల కొద్దీ గింజుకుంటుంది.

సార్వా కోతల వేళ తుపాను హెచ్చరిక వస్తే డెల్టా రైతు ఏం చేస్తాడు? ఒరిగిపోయి నీళ్లలో పడ్డ మడి దగ్గర పంతానికి కూర్చోడు. నిలబడి ఆరిన చేలన్నీ ముందు కోయించి గట్టు దాటిస్తాడు. పడిన చేనులో దొరికినన్ని పనలు తరవాత ఏరుకుంటాడు. గ్నూ డీడీరెస్క్యూ చేసేది సరిగ్గా అదే. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన ఈ ప్రోగ్రాము, పేరులో పోలిక ఉన్నా, డీడీకి కొనసాగింపు కాదు. తప్పు తగిలిన చోటును వదిలి దూరంగా దూకి, తేలిగ్గా చదవగలిగినదంతా ముందు ఒడ్డుకు చేరుస్తుంది. తరవాత వెనక్కి వచ్చి చెడ్డ ప్రాంతపు అంచులు గోకుతుంది. చివరికి మిగిలినవాటిని ఒక్కో సెక్టరూ ప్రయత్నిస్తుంది.

ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకోవడానికి మ్యాప్‌ఫైల్ అనే చిన్న చిట్టా రాసుకుంటుంది. తెరిచి చూస్తే మామూలు అక్షరాలే. ఎక్కడి నుంచి, ఎంత పొడవు, పక్కన ఒక గుర్తు. కూడిక గుర్తుంటే కోత అయింది, ప్రశ్నార్థకం ఉంటే ఇంకా అడుగు పెట్టలేదు, తీసివేత గుర్తుంటే పోయింది. కరెంటు పోయినా, పెన్‌డ్రైవ్ వేడెక్కి తీసేసినా, ఆ చిట్టా ఉంటే మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. డీడీకి ఇలాంటి జ్ఞాపకం లేదు, ఆగితే మొదటి నుంచీ.

పోయిన ఫైళ్లను వెలికితీసే ప్రోగ్రాములను నేరుగా పెన్‌డ్రైవ్ మీద కాకుండా ఇమేజ్ మీద నడపమనేది కూడా ఇందుకే. అవి ఎన్నిసార్లు వెతికినా ఇమేజ్ అరగదు.

## ఒక్క అక్షరం తేడాలో పోయిన ప్రభలు

మూడేళ్ల కిందటి నా నిర్వాకం చెప్పాలి. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో, అలంకరించిన ప్రభలను భుజాల మీద మోసుకొచ్చే ఏకాదశ రుద్రుల తీర్థానికి వెళ్లి తీసిన ఫొటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. అలాంటిదే మరొక ఖాళీ పెన్‌డ్రైవ్ కొన్నాను. రెంటినీ ఒకేసారి పెట్టి, ఒకదాని నుంచి నేరుగా మరొకదానికి డీడీ నడిపాను. ఒకటి ఎస్‌డీబీ, రెండోది ఎస్‌డీసీ. ఏది ఏదన్నది వాటిని గుర్తించిన వరుసను బట్టి మారుతుంది. ముందు రోజు ఎస్‌డీబీగా ఉన్నది ఆ రోజు ఎస్‌డీసీ అయింది. ఖాళీ పెన్‌డ్రైవ్ నిండుదాని మీద రాసుకుపోవడం మొదలైంది. “ఖాయమేనా?” అని డీడీ అడగలేదు, అది ఎప్పుడూ అడగదు. నలభై సెకన్ల తరవాత అనుమానం వచ్చి ఆపేసరికి మొదటి 800 మెగాబైట్లు సున్నాలు. అడంగల్ ఉండేది ఆ మొదట్లోనే.

మిగిలిన దానికి ఇమేజ్ తీసి, ఫొటోరెక్ అనే ప్రోగ్రాముతో వెతికితే చాలా ఫొటోలు దొరికాయి. అది అడంగల్‌ను పట్టించుకోదు, జేపెగ్ ఫైలు మొదట్లో ఉండే గుర్తు కోసం భూమినే గాలిస్తుంది. అందుకే పాత పేర్లు రాలేదు. ‘ఎఫ్’ అనే అక్షరం, పక్కన ఆ ఫొటో మొదలైన సెక్టరు నంబరు, అదే కొత్త పేరు. యజమాని పేరు పోయి సర్వే నంబరు మిగిలింది. ప్రభలను కౌశిక నీళ్లలో దింపుతున్నప్పటి ఫొటోలు మాత్రం ఆ మొదటి 800 మెగాబైట్లలో ఉన్నట్టున్నాయి, దొరకలేదు.

అప్పటి నుంచి, ఏ పరికరం ఎంత పరిమాణం, ఏ మోడలు అని చూపించే ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ ఆదేశం ఫలితాన్ని కాగితం మీద రాసుకోకుండా ఓఎఫ్ జోలికి వెళ్లను.

## డీడీకి కూడా కనిపించనివి

చివరి సెంటు దాకా అన్నాను గానీ, ఆ సెంట్లను డీడీకి చూపించేది పెన్‌డ్రైవ్ లోపలి కంట్రోలర్ చిప్. అది ఏ నంబరు అడిగితే ఏ ఫ్లాష్ కణం నుంచి తెచ్చిస్తుందో బయటికి తెలియదు. దీన్ని అడ్డం పెట్టుకునే 16 జీబీ సరుకును 128 జీబీగా అమ్మేస్తారు. కంట్రోలర్ అబద్ధం చెబితే డీడీ ఆ అబద్ధాన్నే నిష్ఠగా రాసుకుంటుంది. ఇక ఆడిటర్ల దగ్గర, భీమవరం రొయ్యల ఎగుమతిదారుల దగ్గర ఉండే డిజిటల్ సంతకం టోకెన్ చూడడానికి పెన్‌డ్రైవ్‌లాగే ఉన్నా లోపల ఉన్నది స్మార్ట్‌కార్డు చిప్. సంతకపు తాళం దాన్ని దాటి బయటికి రాకుండా తయారైంది. దానికి ఏ డీడీతోనూ నకలు రాదు, రాకూడదు కూడా.

బావగారి పాత పెన్‌డ్రైవ్‌కు ఆ రాత్రే ఇమేజ్ తీశాం, ముద్రలు కలిశాయి. కొత్తదాని మీదికి ఎక్కిస్తుంటే చివర్లో ‘చోటు లేదు’ అంటూ ఆగిపోయింది. దాని మీద కూడా 16 జీబీ అనే ఉంది, కానీ లెక్క చూస్తే 15,032,385,536 బైట్లు. దాదాపు 344 మెగాబైట్లు తక్కువ. మొదటి సెక్టర్లన్నీ చేరాయి కాబట్టి అది లేస్తుంది, ఫైళ్ల పేర్లూ కనిపిస్తాయి. చివరి 344 మెగాబైట్లలో ఏ ఫైలు ఉందో అది మాత్రం తెరుచుకోదు, అదీ అవసరం పడిన రోజునే తెలుస్తుంది.

మర్నాడు బావగారు 15,376,000,000 అని శుభలేఖ అట్ట వెనక రాసుకుని దుకాణానికి వెళ్లారు. ఇంతకు తగ్గకుండా ఉన్నది ఇవ్వమని అడిగితే, కౌంటరులోని కుర్రాడు ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసి, 32 జీబీది చేతిలో పెట్టాడట. దానితో పాత కంప్యూటర్ లేచింది. ఇమేజ్ చిన్నది, పెన్‌డ్రైవ్ పెద్దది కావడంతో సగానికి పైగా ఏ పార్టిషన్‌కూ చెందకుండా ఉంది. “ఈ పోరంబోకును ఏం చేద్దాం బావగారూ?” అని ఫోను చేశారు. ముహూర్తాలు అయ్యాక చూద్దామన్నాను.